జర్మన్ సైనికుల పాత కందకపు పారలు: కట్టును బట్టి గుర్తుపట్టడం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

కందకపు పార అంటే ఏమిటి? మన పారకూ దానికీ తేడా ఏమిటి?

సైనికుడు నడుము పటకాకు తగిలించుకుని వెంట మోసుకుపోయే పొట్టి పారను ఇక్కడ కందకపు పార అంటున్నాం. గుండ్ల వాన కురుస్తున్నప్పుడు నేలకు కరుచుకుని పడుకునే ముందు గుంత తవ్వుకుని, ఆ మట్టినే ముందు గట్టుగా పోసుకుని ప్రాణం కాపాడుకోవడానికి దీన్ని ఇచ్చేవారు. మన పొలాల్లో వాడే పారలో రేకు కామకు, అంటే కొయ్య పిడికి, అడ్డంగా ఉంటుంది, కామను దాని కన్నంలో దిగగొడతాం, మట్టిని మన వైపుకు లాగుతాం. జర్మన్ సైనికుడి పారలో రేకు కామకు తిన్నగా ఉంటుంది, దాన్ని నేలలోకి పొడిచి మట్టిని ఎత్తి పోస్తారు. అందువల్ల రేకు కామను పట్టుకునే పద్ధతి పూర్తిగా వేరు. కన్నం ఉండదు కాబట్టి ఇనుప పట్టీలతో కామను రెండు వైపులా బిగించి రివిట్లు కొట్టాలి. ఆ బిగింపునే కట్టు అంటున్నాం, గుర్తుపట్టే పని అంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

ఈ నమూనా ఎక్కడ పుట్టింది?

డెన్మార్క్‌లో పుట్టింది. ఆ దేశపు పదాతిదళ అధికారి మాడ్స్ యోహాన్ బుఖ్ లిన్నెమాన్ 1869లో దీనికి పేటెంట్ పొందాడు. అంతకు ఐదేళ్ల ముందే, 1864లో, డెన్మార్క్ ప్రష్యా, ఆస్ట్రియాల చేతిలో ఓడిపోయి ఉంది. వెనుక భాగం నుంచి గుండు పెట్టే తుపాకులు వచ్చాక నిలబడి పోరాడే పదాతిసైనికుడు బతకడం కష్టమని ఆ కాలపు సైనికాధికారులకు అర్థమైంది. పెద్ద పారలు బండ్లమీద వెనక ఉండిపోతే లాభం లేదని, ప్రతి సైనికుడి నడుముకూ ఒక పార ఉండాలని లిన్నెమాన్ తలచాడు. తవ్వడానికే కాక నరకడానికి ఒక అంచు పదునుగా, కోయడానికి మరో అంచు రంపపు పళ్లతో ఉండేలా ఆయన తన తొలి నమూనాను రూపొందించాడు.

ఆస్ట్రియా-హంగరీ దీన్ని త్వరగానే స్వీకరించింది, ఆ తర్వాత జర్మనీ, రష్యా కూడా తమ తమ రూపాల్లో తీసుకున్నాయి. 1877లో ప్లెవ్నా ముట్టడిలో మట్టి గట్ల వెనక నిలిచిన టర్కీ సేన రష్యన్ దాడులను నెలల తరబడి ఆపగలగడం చూశాక పార విలువ గురించి ఎవరికీ సందేహం మిగలలేదు. ఈ వంశవృక్షాన్ని గుర్తు పెట్టుకోవడం అవసరం, ఎందుకంటే ఒకే తల్లికి పుట్టిన ఈ పారలన్నీ దూరం నుంచి చూస్తే అన్నదమ్ముల్లా ఉంటాయి, సంతలో ఆస్ట్రియా పార జర్మన్ పేరుతో, రష్యన్ పార మరో పేరుతో అమ్ముడవుతుంటాయి.

జర్మన్ పారల్లో ముఖ్యమైన రకాలు ఏవి?

సేకరించేవారికి ఎదురయ్యేవి ప్రధానంగా రెండు. ఒకటి నిలువు కామ పార. దీన్ని జర్మన్లు చిన్న పార అనే అర్థంలో క్లైనర్ ష్పాటెన్ అంటారు. చక్రవర్తి కాలంలో మొదలై, మొదటి ప్రపంచ యుద్ధం, చక్రవర్తి పోయాక వచ్చిన వైమార్ గణతంత్రం, రెండవ ప్రపంచ యుద్ధం దాటి, తూర్పు జర్మనీ సైన్యం దాకా ఇది రూపం పెద్దగా మార్చుకోకుండా నడిచింది. రెండవది మడత పార, అంటే క్లాప్‌ష్పాటెన్. ఇది 1938లో వచ్చింది. మడత పార వచ్చినంత మాత్రాన నిలువు పార పోలేదు. రెండూ యుద్ధం ముగిసేదాకా పక్కపక్కనే వాడుకలో ఉన్నాయి. కాబట్టి నిలువు కామ పార అనగానే మొదటి యుద్ధానిదని, మడత పార కాకపోతే రెండవ యుద్ధానిది కాదని అనుకోవడం పొరపాటు.

పారను చేతికి తీసుకోగానే ముందుగా ఏం చూడాలి?

ముద్ర వెతకకండి. చాలామంది మొదట చేసేది అదే. భూతద్దం తీసి అక్షరాల కోసం రేకంతా గాలిస్తారు, ఒక గద్దబొమ్మ కనిపించగానే మిగతావన్నీ మరిచిపోతారు. ముద్రను నిన్న రాత్రి కూడా కొట్టవచ్చు. రేకును అచ్చులో నొక్కి, పై అంచులు మడిచి, పట్టీలు అతికి, కామను వాటి దవడల మధ్య కూర్చి, రివిట్లు కొట్టి చేసిన కట్టును మాత్రం ఒక్క రాత్రిలో పుట్టించడం కష్టం, పుట్టించినా చేసేవాడికి గిట్టదు. అందువల్ల నేను ఎప్పుడూ ఒకే వరుసలో చూస్తాను: మొదట రేకుకూ కామకూ ఉన్న కట్టు, తరువాత కామ కొయ్య, తరువాత రంగు, తరువాత తొడుగు ఉంటే అది, ముద్ర చిట్టచివర. కట్టు చెప్పినదాన్ని ముద్ర బలపరిస్తే మంచిదే. రెండూ తగువులాడితే కట్టునే నమ్మండి.

నిలువు కామ పార నిర్మాణాన్ని వివరంగా చెప్పగలరా?

పార మొత్తం పొడవు సుమారు 50 నుంచి 55 సెంటీమీటర్ల మధ్య ఉంటుంది. రేకు దాదాపు చదరంగా, కొద్దిగా నిలువుగా సాగి, అడుగు అంచు తిన్నగా ఉంటుంది. మట్టి నిలవడానికి ముందు వైపు స్వల్పంగా గుంట పడి ఉంటుంది.

పారను బల్ల మీద బోర్లించి రేకు పై అంచును చూడండి. కామకు ఇరువైపులా ఆ అంచును వెనక్కి మడిచి ఉండటం చాలా పారల్లో కనిపిస్తుంది. బూటు కాలితో తొక్కినప్పుడు పలుచని రేకు అంచు వంగిపోకుండా, బూటు అడుగు కోసుకుపోకుండా ఈ మడత కాపాడుతుంది. ఆ మడత లోపలి సందులోకి దీపం వేసి చూడండి. దశాబ్దాల మట్టి, ఎండిన నూనె, పాత రంగు అక్కడ దాగి ఉంటాయి. బయట ఎంత రుద్ది మెరిపించినా ఆ సందులోకి ఎవరి బ్రష్షూ వెళ్లదు. బయట తుప్పు పట్టి, సందు మాత్రం కొత్త ఇనుములా తళతళలాడుతుంటే ఆ తుప్పును ఎవరో ఉప్పునీళ్లతోనో ఆమ్లంతోనో పెంచారని అర్థం.

ఇక కట్టు. ముందు ఒక పట్టీ, వెనక ఒక పట్టీ రేకు నుంచి పైకి సాగి కామను ఇరువైపులా పట్టుకుంటాయి. పట్టకారు దవడల మధ్య కొయ్య ఇరుక్కున్నట్టు ఉంటుంది. ఈ పట్టీల గుండా కామను దూసుకుపోయే రివిట్లు రెండు పట్టీలనూ ఒకదానికొకటి బిగిస్తాయి. పట్టీ రేకుతో కలిసే చోట అది వెడల్పై, రేకు మీద పరుచుకుని, అక్కడ మరికొన్ని రివిట్లతో అతికి ఉంటుంది. కామ బిగింపు నుంచి వెలుపలికి రాగానే గుండ్రంగా మారి, చివర చెయ్యి జారకుండా ఉబ్బెత్తు గుండుతో ముగుస్తుంది.

ప్రతి రివిట్టు తలనూ వేలితో తడమండి. కర్మాగారంలో కొట్టిన రివిట్టు తల చుట్టూ పట్టీ మీదికి రంగు పొర తెగకుండా పరుచుకుని ఉంటుంది, లేదా రెండింటి మీదా తుప్పు ఒకే వయసుతో ఉంటుంది. తరువాత ఎవరో మార్చిన రివిట్టు చుట్టూ సుత్తి దెబ్బ జారి పడిన నెలవంక గుర్తులు ఉంటాయి, తల చుట్టూ రంగు పెళుసుగా చిట్లి ఉంటుంది. రివిట్టు స్థానంలో ప్లస్ ఆకారపు గాటున్న స్క్రూ కనిపిస్తే అది ఖచ్చితంగా తరువాతి మరమ్మతు. ఆ తరహా స్క్రూకు హెన్రీ ఫిలిప్స్ అమెరికాలో పేటెంట్లు పొందింది 1936లో. జర్మన్ పారల కట్టులో దానికి చోటు లేదు.

ఇది మొదటి ప్రపంచ యుద్ధానిదా, రెండవదా అని ఎలా తేల్చాలి?

మాకు వచ్చే ప్రశ్నల్లో ఎక్కువ ఇదే. దీనికి ఒక్క మాటలో జవాబు ఉండదు. నిలువు పార రూపం చాలా తక్కువగా మారినందున రేకు కొలతలు ఒక్కటే కాలాన్ని తేల్చవు. 1915లో ఇచ్చిన పార 1940లో కూడా గిడ్డంగి నుంచి బయటికి వచ్చి మరో సైనికుడి నడుముకెక్కడం అసాధారణమేమీ కాదు. అందుకే ఒక పారకు ఒకటికన్నా ఎక్కువ కాలాల గుర్తులు ఉండవచ్చు.

కిరీటంతో కూడిన తనిఖీ ముద్ర ఉంటే అది చక్రవర్తి కాలాన్ని, అంటే 1918 నవంబరుకు ముందు కాలాన్ని సూచిస్తుంది. గణతంత్రం వచ్చాక కిరీటానికి పని లేదు. గద్దబొమ్మ కింద సంఖ్యతో ఉండే సైనిక ఆయుధ కార్యాలయపు తనిఖీ ముద్రను సేకరించేవారు వాఫెన్‌ఆమ్ట్ ముద్ర అంటారు. అది 1930ల నాటి, రెండవ యుద్ధ కాలపు గుర్తు. తయారీదారు పూర్తి పేరు, ఊరు ఉంటే 1940కి ముందు కాలమయ్యే అవకాశం ఎక్కువ. శత్రు విమానాలకు కర్మాగారాల ఆచూకీ దొరకకూడదని 1940-41 ప్రాంతం నుంచి పేర్ల స్థానంలో రెండు మూడు అక్షరాల రహస్య సంకేతాలు వాడారు. మొదటి యుద్ధ కాలంలో దళం పేరును కూడా ఇనుము మీద కొట్టేవారు. బయొనెట్ల (తుపాకీ మొనకు తగిలించే కత్తుల) మీద 12.ఆర్.5.67 తరహాలో కనిపించే వరుసకు అర్థం 12వ పదాతి రెజిమెంటు, 5వ కంపెనీ, 67వ ఆయుధం. పారల మీద ఇలాంటి వరుస దొరికితే అది అదృష్టమే, కాని దాన్ని కూడా కట్టుతో పోల్చి చూడాల్సిందే.

మడత పారను ఎలా గుర్తుపట్టాలి?

దీని రేకు అడుగున మొనతో ఐదు మూలల ఆకారంలో ఉంటుంది. రేకుకూ కామకూ మధ్య ఒక కీలు, ఆ కీలును ఏ స్థితిలో కావాలంటే ఆ స్థితిలో బిగించే మరలున్న పెద్ద నట్టు ఉంటాయి. నట్టును వదులు చేస్తే రేకు కామ మీదికి మడిచిపోతుంది. తిన్నగా నిలిపి బిగిస్తే పొడిచే పార. అడ్డంగా, లంబకోణంలో నిలిపి బిగిస్తే అచ్చంగా మన పొలం పారే, మట్టిని తన వైపుకు లాక్కోవచ్చు. కందకంలో మోకాళ్ల మీద కూర్చుని, తల పైకెత్తకుండా తవ్వేవాడికి ఈ అడ్డ స్థితి ఎంత పనికొస్తుందో కాలవ గట్టున పార పట్టిన ఎవరికైనా చెప్పనక్కర్లేదు.

మడత పారలో నేను ఎక్కువ సేపు చూసేది నట్టును. జర్మన్ మడత పారకు బేకలైట్ నట్టు ప్రసిద్ధ లక్షణం. బేకలైట్‌ను లియో బేకెలాండ్ 1907లో కనుగొన్నాడు. అది ఒకసారి గట్టిపడితే మళ్లీ కరగని ప్లాస్టిక్కు. నట్టు అంచుల్లో చిన్న చిన్న పెచ్చులు ఊడి, ఆ పెచ్చుల చోట లోపలి పిండి లాంటి పీచు కనిపించడం వయసుకు సహజం. వేడినీళ్లలో ముంచిన గుడ్డతో నట్టును గట్టిగా రుద్ది వెంటనే వాసన చూడండి. నిజమైన బేకలైట్ అయితే ఆసుపత్రి వరండాలో వచ్చే కార్బాలిక్ వాసన లీలగా తగులుతుంది. ఈ కాలపు రెజిన్ పోతకు ఆ వాసన రాదు. కాల్చిన సూది గుచ్చి చూసే పద్ధతి కూడా కొందరు చెబుతారు. దయచేసి ఆ పని చేయకండి, ఎనభై ఏళ్లు నిలిచిన వస్తువుకు ఆ మచ్చ శాశ్వతంగా ఉండిపోతుంది.

నట్టును పూర్తిగా విప్పి మరలను చూడటం కూడా అవసరం. మరల అడుగున పాత గ్రీజు నల్లగా గడ్డకట్టి ఉంటే, మరల అరుగుదల నట్టు ఆగే రెండు మూడు చోట్లే ఎక్కువగా ఉంటే, ఆ నట్టూ ఆ కీలూ ఏళ్ల తరబడి కలిసి బతికాయని నమ్మవచ్చు.

అమెరికన్ మడత పారతో పొరబడకుండా ఉండాలంటే?

రెండూ ఒకేలా ఉండటం యాదృచ్ఛికం కాదు. అమెరికా సైన్యం 1943లో తీసుకున్న ఎం1943 పార జర్మన్ మడత పారను చూసి చేసినదే. అమెరికన్ పారకు ఇనుప నట్టు, ఆలివ్ పచ్చ రంగు ఉంటాయి. రేకు మీద యు.ఎస్. అక్షరాలు, ఏమ్స్ వంటి తయారీదారు పేరు, 1944 లేదా 1945 వంటి సంవత్సరం స్పష్టంగా నొక్కి ఉంటాయి. ఆ అక్షరాలను అరగదీసి, బూడిద రంగు వేసి జర్మన్ పారగా అమ్మేవారు ఉన్నారు. అనుమానం వస్తే పారను కిటికీ వెలుతురులో ఏటవాలుగా పట్టుకుని రేకు వెనక భాగాన్ని చూడండి. అరగదీసిన చోట రేకు పలుచనై, వెలుతురు అక్కడ కొద్దిగా గుంట పడినట్టు వంగుతుంది. రేకుకు పక్కనే ఒక గునపం మొన కూడా కీలు మీద తిరుగుతుంటే అది యుద్ధం తరువాతి నమూనా. అమెరికాలో ఎం1951తో ఆ మొన వచ్చింది.

రష్యన్ పార, తూర్పు జర్మనీ పార, బుండెస్‌వేర్ పారల సంగతి?

రష్యన్ చిన్న పదాతి పారను విడదీయడం సులువు. అందులో కామ రేకు గూడులోకి దిగి, గూడు నోటి దగ్గర మన రోకలికి తొడిగినట్టు ఒక ఇనుప పొన్ను బిగించి ఉంటుంది. దాని పొడవు 50 సెంటీమీటర్లు, పేరులోనే ఆ సంఖ్య ఉంటుంది. జర్మన్ పారలో పొన్ను ఉండదు, పొడుగాటి పట్టీలు ఉంటాయి. ఈ ఒక్క తేడా తెలిస్తే సంతలో సగం పొరపాట్లు తప్పుతాయి.

తూర్పు జర్మనీ ప్రజాసైన్యం 1956 మార్చి 1న ఏర్పడింది, 1990 అక్టోబరులో దేశంతోపాటే అంతరించింది. ఆ సైన్యపు నిలువు పార పాత జర్మన్ పారకు నేరుగా వారసురాలు కావడంతో చిక్కు ఇక్కడే ఎక్కువ. 1990 తరువాత గిడ్డంగులు ఖాళీ చేసినప్పుడు ఇవి పెద్ద సంఖ్యలో మార్కెట్‌కు వచ్చాయి. వాడని పార, కొయ్య మీద వార్నిష్ చెక్కు చెదరకుండా, కృత్రిమ తోలు తొడుగుతో, రెండవ యుద్ధానిదన్న ధరకు దొరికితే ముందుగా తూర్పు జర్మనీదే అయి ఉంటుందని అనుకోండి, ఆ తరువాత కాదని రుజువు వెతకండి. ఎనభై ఏళ్ల పారకు అంత నవయవ్వనం అరుదు.

1955లో ఏర్పడిన పశ్చిమ జర్మనీ సైన్యం బుండెస్‌వేర్ మొదట కొయ్య కామ, గునపం మొన ఉన్న మడత పారను, తరువాత మూడు మడతల పూర్తి లోహపు పారను వాడింది. వీటి మీద నాటో సరఫరా సంఖ్య ఉంటే తేల్చడం నిమిషం పని. 5120 అంటే చేతి పనిముట్ల తరగతి, దాని వెంటనే వచ్చే 12 అంటే జర్మనీ. అలాంటి సంఖ్య ఉన్న ఏ పారా ప్రపంచ యుద్ధాలది కాదు.

ఇవి కాక స్విట్జర్లాండ్ పారల మీద ఆ దేశపు సిలువ గుర్తు, ఫిన్లాండ్ సైన్యం ఆస్తుల మీద చతురస్రంలో ఎస్.ఎ. అక్షరాలు కనిపిస్తాయి.

కామ అసలుదో మార్చినదో ఎలా తెలుస్తుంది?

పనిముట్లకు కామ మార్చడం తప్పు కాదు, లోకమంతా చేసేదే. కాని మార్చారా లేదా అన్నది తెలియాలి. పాత కామల్లో ఎక్కువగా ఆష్, బీచ్ కలపలు కనిపిస్తాయి. ఆష్ కలపలో ఏటేటి వలయాలు సూక్ష్మ రంధ్రాల వరుసలుగా స్పష్టమైన చారలై కామ పొడవునా సాగుతాయి. బీచ్ కలప నునుపుగా, అక్కడక్కడ బియ్యపు నూకల్లాంటి పొట్టి గోధుమ గీతలతో ఉంటుంది. పట్టీ అంచుకు కొయ్య ఆనే చోటు ముఖ్యమైనది. కొయ్య ఎండి కుదించుకుపోవడంతో పట్టీకీ దానికీ మధ్య వెంట్రుక వాసి సందు ఏర్పడి, ఆ సందులో మట్టి, నూనె కలిసి నల్లటి గీతగా నిలుస్తాయి. చేతులు పట్టిన చోట కొయ్య నునుపెక్కి ముదురు రంగు తేలుతుంది, పట్టీల మధ్య దాగిన భాగం లేతగా, గరుకుగానే ఉంటుంది. కామ అంతా ఒకే రంగులో ఉంటే దాన్ని రంగు నీళ్లలో ముంచారు. రివిట్టు పక్కన కొయ్యలో మరో పాత కన్నం మూసిన ఆనవాలు ఉంటే ఆ కామ వేరే పార నుంచి వచ్చింది.

ముద్ర నకిలీదని ఎలా పసిగట్టాలి?

నేను జర్మనీకి వచ్చిన రెండో సంవత్సరం, ఒక ఊరి ఆదివారం సంతలో గద్దబొమ్మ ముద్ర ఉన్న నిలువు పారను మంచి ధర పోసి కొన్నాను. ఇంటికి వచ్చి దీపం కింద పెట్టి చూస్తే ముద్ర చుట్టూ ఇనుము సన్నని గట్టులా పైకి లేచి వేలికి గీసుకుంటోంది. అచ్చు దిగినప్పుడు పక్కకు తోసుకొచ్చిన లోహం అది. పాత పారలో దశాబ్దాల చేతి రాపిడికి, మట్టి రాపిడికి ఆ గట్టు అరిగిపోవాలి. ఇంకా దగ్గరగా చూస్తే రేకు మీద తుప్పు తిన్న చిన్న గుంటలు ఉన్నాయి, ముద్ర గీత ఆ గుంటల మీదుగా సాఫీగా కోసుకుపోయింది. అంటే తుప్పు ముందు పట్టింది, ముద్ర తరువాత పడింది. అక్షరాల లోతుల్లో రంగు లేదు, పాత మట్టి లేదు, అంతా ఒకే ఎర్ర తుప్పు పొడి. పార మాత్రం అసలుదే, తూర్పు జర్మనీది. దాన్ని ఇప్పటికీ దాచుకున్నాను, కొత్తవారికి చూపించడానికి అంతకన్నా మంచి పాఠం నా దగ్గర లేదు.

ఒక అంచు బాగా పదునుగా ఉంది. ఇది కందకాల్లో చేతిపోరుకు వాడిన పారేనా?

మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాల ఇరుకులో పొడుగాటి బయొనెట్ తిప్పడం కష్టమై, సైనికులు పార అంచులకు పదును పెట్టి ఆయుధంగా వాడిన మాట నిజం. కాని మీ చేతిలో ఉన్న పారకు ఆ చరిత్ర ఉందని పదును ఒక్కటీ చెప్పలేదు. యుద్ధాలు ముగిశాక ఈ పారలు ఐరోపా అంతటా పెరటి తోటల్లోకి, బంగాళాదుంప చేలల్లోకి వెళ్లాయి. తోటమాలి కూడా పదును పెట్టుకుంటాడు, కుడిచేతివాటం మనిషి ఏళ్ల తరబడి తవ్వితే ఒక మూల మరో మూలకన్నా ఎక్కువ అరుగుతుంది. సమానమైన సమాంతర గీతలుంటే కరెంటు సానరాయి, ఏటవాలుగా హెచ్చుతగ్గులున్న గీతలుంటే చేతి ఆకురాయి. అంతవరకే చెప్పగలం. ఈ వస్తువు పట్టుకుని ఒక మనిషి మరో మనిషిని చంపాడన్న మాట ధర పెంచడానికి తేలిగ్గా అనేస్తుంటారు. రుజువు లేని చోట ఆ మాట అనకపోవడం ఆ చనిపోయినవారి పట్ల కనీస మర్యాద అని నా నమ్మకం.

తోలు తొడుగు కాలాన్ని చెబుతుందా?

చెబుతుంది, కాని తొడుగూ పారా వేరు వేరు చోట్ల దొరికి తరువాత జత కలిసి ఉండవచ్చు. నిలువు పార తొడుగు రేకును అంచుల వెంట పట్టుకునే తోలు చట్రం. పారను అందులో దించితే కామ కిందికి వేలాడుతుంది, నడిచేటప్పుడు ఊగకుండా ఒక పట్టీ బయొనెట్ ఒరను కూడా చుట్టి పట్టుకుంటుంది. చక్రవర్తి కాలపు తోలు సామాను మీద బి.ఎ. అక్షరాలు, రోమన్ అంకె, సంవత్సరం కలిసిన ముద్ర కనిపిస్తుంది. ఆ ముద్ర ఆ సంఖ్య గల సైనిక కోర్ దుస్తుల కార్యాలయానిది. రెండవ యుద్ధం నడుస్తున్న కొద్దీ తోలుకు కరువొచ్చి, అట్టను నొక్కి గట్టిపరిచిన కృత్రిమ పదార్థంతో కూడా తొడుగులు చేశారు. 1942 తరువాతి తొడుగుల మీద సున్నాతో మొదలై గీతలతో విడదీసిన పొడుగాటి సంఖ్య ఉండవచ్చు, అది కర్మాగారపు నమోదు సంఖ్య. తొడుగు లోపలి వైపు రేకు అంచు ఒరిపిడి గుర్తును మీ పార రేకుతో సరిపోల్చండి. గుర్తు రేకు ఆకారంతో అంగుళం అంగుళం కలిస్తే అవి చాలాకాలం కలిసి ఉన్నాయి.

తుప్పు వదిలించవచ్చా?

ఊడిపోయే తుప్పును మాత్రమే. పలుచని మెషిన్ నూనెలో తడిపిన గుడ్డతో, నైలాన్ బ్రష్‌తో నెమ్మదిగా తుడవండి. గరుకు కాగితం, కరెంటుతో తిరిగే తీగ బ్రష్షు, ఆమ్లం వాడవద్దు. పట్టీల అంచుల కింద, మడత సందులో మిగిలిన పాత రంగు వాటితో పోతుంది, అది పోయాక గుర్తుపట్టడానికి మిగిలేది తక్కువ. కొయ్యకు అవిసె నూనె చాలా పలుచగా పట్టించి, అరగంటలో పొడిగుడ్డతో తుడిచేయండి. నూనె తడిసిన గుడ్డలను ముద్దగా పడేయవద్దు, అవిసె నూనె గుడ్డలు తమంతట తామే వేడెక్కి అంటుకుంటాయి. ఎర్రటి పొడిగా రాలుతున్న తోలుకు ఏ నూనే రాయకండి.

జర్మనీలో ఇవి కొనడం, తవ్వి తీయడం చట్టబద్ధమేనా?

పార ఆయుధం కాదు, కొనవచ్చు. స్వస్తిక ఉన్న గుర్తులను బహిరంగంగా ప్రదర్శించడాన్ని జర్మన్ శిక్షాస్మృతి 86ఎ సెక్షన్ నిషేధిస్తుంది. చరిత్ర బోధనకు, పరిశోధనకు మినహాయింపులున్నాయి. అలాంటి గుర్తు ఉన్న వస్తువు ఫోటో పంపేటప్పుడు ఆ భాగాన్ని కప్పండి.

తవ్వడం వేరే సంగతి. లోహశోధక యంత్రంతో పాత యుద్ధభూముల్లో వెతకడానికి ఆయా రాష్ట్రాల పురావస్తు చట్టాల ప్రకారం అనుమతి తీసుకోవాలి. చట్టం పక్కన పెట్టినా ప్రాణాల మాట ఉంది. పార దొరికిన చోట పేలని గుండు కూడా ఉండవచ్చు. బెల్జియం, ఉత్తర ఫ్రాన్స్ రైతుల నాగళ్లకు నేటికీ ప్రతి ఏటా మొదటి యుద్ధపు గుండ్లు తగులుతూనే ఉన్నాయి. అలాంటిదేదైనా కనబడితే ముట్టుకోకుండా వెనక్కి వచ్చి పోలీసులకు చెప్పండి. ఎముకలు కనబడినా అంతే.

మా పారను మీ చేత గుర్తుపట్టించుకోవాలంటే ఏ ఫోటోలు పంపాలి?

పగటి వెలుతురులో, మామూలు గుడ్డ మీద, పక్కన కొలబద్ద పెట్టి ముందు భాగం ఒకటి, వెనక భాగం ఒకటి తీయండి. ఆ తరువాత పట్టీ రేకును కలిసే చోటును రెండు వైపులా, ప్రతి రివిట్టు తలనూ, రేకు పై మడతను పక్క నుంచి, కామ చివరి గుండును, మడత పారైతే నట్టు విప్పాక మరలను దగ్గరగా తీయండి. ముద్ర ఉంటే దీపాన్ని పక్క నుంచి ఏటవాలుగా పట్టుకుని తీయండి, ఎదురుగా వెలుగు పడితే లోతు కనిపించదు. తీసే ముందు పారను కడగకండి, నూనె రాయకండి. సందుల్లోని మట్టిని కూడా అలాగే ఉంచండి.